మా కంప్యూటర్‌కు శ్రావణం ముందొచ్చింది

అది ఆషాఢమాసంలో ఒక సోమవారం, పొద్దున తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. ఆ క్షణాన ఫిల్మ్‌నగర్ మొత్తానికీ ఆషాఢమే. మా ఆఫీసు పై అంతస్తులో ఉన్న కంప్యూటర్‌కు మాత్రం శ్రావణ శుక్రవారం. దాని లోపలి గడియారాన్ని దగ్గరుండి ముందుకు తిప్పించారు. నేను హారతి పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడి చూశాను.

ఇప్పుడు గ్రాఫిక్స్ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను చూసి, "మీ రోజుల్లో టైటిల్స్ చేత్తోనే రాసేవారట కదా, పాపం" అంటారు. ఆ పాపం అన్న మాట నాకు నచ్చదు. చేత్తో రాయడమూ చూశాను, యంత్రంతో రాయించడమూ చూశాను. మొదటిసారి యంత్రంతో రాయించినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. రాయడం నాకు ఆలస్యంగా వచ్చిన విద్య, కాబట్టి తిన్నగా రాస్తాను. వంకర్లు తిప్పడం రాదు.

మాది పాలమూరు వైపు. ఎనభైల మొదట్లో జూబ్లీ హిల్స్‌లో ఇళ్లు కట్టడానికి గుట్టలు పగలగొడుతుంటే రాయి కొట్టడానికి వచ్చాను. ఆ రాయి అయిపోయాక ఒక టైటిల్స్ సెక్షన్‌లో ఊడ్చే పనికి కుదిరాను. ఊడ్చేదాన్ని, అద్దం పలకలు కడిగేదాన్ని అయ్యాను. కడిగేదాన్ని, పలకలు కెమెరా కింద పెట్టేదాన్ని అయ్యాను. చివరికి ఆ కెమెరా నాదే అయింది. నిలువు స్తంభానికి బిగించి, కిందికి చూస్తూ ఉండే కెమెరా అది. ఒక్కో బొమ్మే ఆగి ఆగి తీస్తుంది. ఆడమనిషికి కెమెరా ఇస్తారా అని గొణిగినవాళ్లున్నారు. వాళ్ల పలకలు కూడా నేనే తీశాను, మసక లేకుండా.

నాకు అక్షరాలు నేర్పింది మా పెయింటర్. పాతబస్తీ మనిషి, నేను ఉస్తాద్ అనేదాన్ని. టైటిల్ కార్డుల మీద ఆయన కుంచె పట్టి రాస్తే ముద్దబంతి పూలు పేర్చినట్టుండేది. నాకప్పటికే ఇద్దరు పిల్లలు. అయినా సిగ్గుపడకుండా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందరూ అమ్మ, ఆవు అని మొదలుపెడితే నేను నిర్మాత, కూర్పు, దర్శకత్వం అని మొదలుపెట్టాను. ప్రతి సినిమాలో వచ్చే మాటలు అవే కదా.

తొంభైల మధ్యకు వచ్చేసరికి మా సెక్షన్‌కు గడ్డుకాలం వచ్చింది. సినిమా చివర్లో పేర్లన్నీ కింది నుంచి పైకి వెళ్తాయి చూడండి, వాటిని మేము పొడుగాటి నల్ల కాగితం మీద రాసి, రోలరుకు చుట్టి, చేత్తో తిప్పుతూ తీసేవాళ్లం. చేయి ఎంత నిదానంగా తిప్పినా ఎక్కడో ఒకచోట పేర్లు తడబడతాయి. మద్రాసులో అయితే నున్నగా వస్తున్నాయని నిర్మాతలు ఫిల్ము డబ్బాలు పట్టుకుని రైలెక్కేవారు. మా యజమాని గుంటూరు వైపు ఆయన, పట్టుదల మనిషి. "తెలుగు సినిమా అంతా ఇక్కడికొచ్చేశాక చివరి పేర్ల కోసం మద్రాసు ఎందుకండీ పోవడం?" అనేవాడు. ఆ పట్టుదలతోనే రెండు కంప్యూటర్లు కొన్నాడు.

కిందది నాది. చీకటిగదిలో దాని తెరకు ఎదురుగా కెమెరా బిగించాం. కంప్యూటర్ ఒక బొమ్మ తెర మీద వేస్తుంది, కెమెరాను ఒకసారి నొక్కిస్తుంది, పేర్లను వెంట్రుకవాసి పైకి జరుపుతుంది, మళ్లీ నొక్కిస్తుంది. అంతే పని. కానీ ఒకసారి మొదలుపెడితే పూట పూటంతా ఆగకూడదు. పైగా పాతది, దాని బుర్ర చిన్నది. దానిలో కూర్చుని ప్రోగ్రాం రాయడం కుదరదు. రాయడానికి పై అంతస్తులో పెద్ద కంప్యూటర్. ఆ రెండింటి జాతే వేరు. పైదానిలో నడిచేది కిందిదానిలో నడవదు.

ప్రోగ్రాం రాయడానికి రాజమండ్రి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ చదివి అప్పుడే బయటికొచ్చిన పిల్ల. మొదటిరోజే నన్ను ఆంటీ అంది.

"గిది ఏందమ్మా? గా మాటకు నేను పలకను. అక్కా అను, లేకుంటే పేరు పెట్టి పిలువు."

"సరే అక్కా" అంది నవ్వి. అప్పటి నుంచి మాకిద్దరికీ పడింది.

ఆ పిల్ల చేసిన మొదటి పని, పై కంప్యూటర్‌లో తాను రాసుకునే ఎడిటర్‌ను సిద్ధం చేయడం. ఎడిటర్ అంటే కత్తెర పట్టే మన సినిమా ఎడిటర్ కాదు. ప్రోగ్రాం రాసుకునే పలక లాంటిది. అందులో రాసి ఒక మీట నొక్కితే, రాసింది కింది కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మారి ఫ్లాపీలోకి ఎక్కాలి. నాకు అర్థం కాలేదంటే ఆ పిల్ల ఇలా చెప్పింది.

"పైదేమో తమిళం అనుకోండి అక్కా, కిందిదానికి తెలుగే వచ్చు. మనం పైన కూర్చునే తెలుగులోకి డబ్బింగ్ చేసి కిందికి పంపిస్తాం."

"మరి పెదవులు కలుస్తయా?"

"అదేగా కష్టం!"

నిజంగానే కష్టపడింది. డబ్బింగ్ చేసే ఆ కంపైలర్‌ను ఎవరో స్నేహితుల దగ్గర నుంచి ఫ్లాపీల కట్టగా తెచ్చింది. ఒకటి ఎక్కితే ఇంకోటి ఎక్కలేదు. అన్నీ ఎక్కాక ఏదో ముక్క దొరకలేదంది. ముక్క దొరికాక, తయారైన ప్రోగ్రాం నా చీకటిగదిలోకి రాగానే చతికిలబడింది. నేను ఫ్లాపీ పట్టుకుని మెట్లు ఎక్కడం దిగడం, ఆ పిల్ల తల పట్టుకోవడం. చివరికి ఒక సాయంత్రం నా తెర మీద తెల్లగా ఒక గీత వచ్చింది. అంతే, ఒక్క గీత. ఇద్దరం గెంతాం. ఉస్తాద్ వచ్చి చూసి, "ఒక్క గీతకు ఇంత హంగామానా? నేను దినాం వెయ్యి గీస్తా" అన్నాడు. కానీ ఆయన కళ్లు కూడా ఆ గీత మీదే ఉన్నాయి. ఎందుకంటే ఆ తెర మీద ఎక్కబోయేవి ఆయన అక్షరాలే. ఆయన రాసినవాటినే ఫోటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాం. కొన్న అక్షరాలు కావు అవి.

అప్పుడు అసలు పని వచ్చింది. ఒక పెద్ద సినిమా శ్రావణమాసంలో విడుదల. చివరి పేర్లు మాకే ఇస్తామన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. ఆషాఢంలోనే ఒక శుక్రవారం చెప్పి, దానికల్లా నున్నగా చూపించాలన్నారు. లేకపోతే సాయంత్రం రైలుకు డబ్బా మద్రాసు వెళ్తుంది. మా యజమాని నన్నూ ఉస్తాద్‌నూ కూర్చోబెట్టి చెప్పేశాడు.

"దాచుకునేదేమీ లేదమ్మా. ఇది పోతే ఈ సెక్షన్ మూసేస్తాను. నేనింక మోయలేను."

నాకు తెలిసిన ఇంకో పని రాయి కొట్టడం. జూబ్లీ హిల్స్‌లో కొట్టడానికి రాయి కూడా మిగల్లేదు.

ఇక్కడే ఆషాఢం అడ్డొచ్చింది. సినిమావాళ్ల సంగతి మీకు తెలియంది కాదు. దేవుడి పటం మీద మొదటి షాట్ తీయకుండా, కొబ్బరికాయ కొట్టకుండా, చేయి మంచిదని పేరున్న పెద్దమనిషి చేత స్విచ్ వేయించకుండా ఏదీ మొదలవదు. కొత్త యంత్రంతో కొత్త పని ఆషాఢంలో మొదలుపెట్టడమా? యజమానికి రెండురోజులు అన్నం సహించలేదు. పంతులుగారు పంచాంగం చూసి, శ్రావణంలో మొదటి శుక్రవారం తొమ్మిదీ పన్నెండు దివ్యంగా ఉందన్నాడు. అప్పటికి మద్రాసువాళ్లు ఆ పేర్లు తీసి పంపేసి కూడా ఉంటారు.

చివరికి ఉపాయం యజమానికే తట్టింది. ఆ అమ్మాయిని పిలిచాడు.

"ఏమ్మా, కంప్యూటర్‌లో తారీకు ఉంటుందిగా?"

"ఉంటుందండీ."

"అది మార్చొచ్చా?"

"మార్చొచ్చండీ. ఎందుకండీ?"

"పని చేసేది అదే కదా. దానికి శ్రావణం అయితే చాలు!"

పంతులుగారు కాసేపు ఆలోచించి, కర్త ఎవరైతే వాళ్ల కాలమే లెక్క అన్నట్టు తల ఊపాడు. ఆయనకూ దక్షిణ ఉంది కదా.

ఇంకో సంగతి కూడా జరిగింది. ముహూర్తానికి ముందురోజు ఒకసారి చేసి చూస్తుంటే, మీట నొక్కగానే తెర నిండా ఇంగ్లీషు వరుసలు పరుగులు పెట్టాయి. ఒకటి రెండు ఎర్రగా మెరిశాయి. అవి పెద్ద తప్పులేమీ కావు, హెచ్చరికలంది ఆ పిల్ల. యజమాని చెవులు మూసుకున్నాడు.

"ముహూర్తం వేళ ఎర్రటి తప్పులు చూపిస్తావా తల్లీ? అదేం కనపడకూడదు. చివర్లో ఒక్కటే పడాలి. శుభం!"

ఉస్తాద్ తన చేత్తో శుభం అని రాసిచ్చాడు. పువ్వులూ తీగలూ చుట్టి, ముచ్చటగా. ఆ పిల్ల ఎడిటర్ అమరికలోకి వెళ్లి మాటలన్నీ దాచేసింది. మీట నొక్కితే కాసేపు నల్లతెర, తర్వాత శుభం. అంతే.

సోమవారం పొద్దున గడియారం తిప్పారు. చేయి మంచిదని పేరున్న పెద్ద నటుడు కారు దిగి వచ్చి, చెప్పులు విడిచి, మీట నొక్కాడు. శుభం పడింది. చప్పట్లు కొట్టాం. ఆయన వెళ్లిపోయాక ఆ అమ్మాయి గడియారాన్ని మళ్లీ ఆషాఢానికి తెచ్చింది. నేను ఫ్లాపీ పట్టుకుని కిందికి దిగి పని మొదలుపెట్టాను.

మంగళవారం పొద్దున ల్యాబ్ నుంచి ఫిల్ము వచ్చింది. ప్రివ్యూ థియేటర్‌లో వేస్తే పేర్లు పైకి వెళ్తున్నాయి గానీ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. సినిమా తరఫున వచ్చిన ప్రొడక్షన్ మేనేజర్ వెనక కుర్చీలో కూర్చుని చూశాడు. నోరు కాస్త పదునైన మనిషి.

"ఏవండీ, మా నటీనటులు అందరికీ మలేరియా తెప్పించారేంటి?"

ఆ పిల్ల గిర్రున పైకి వెళ్లింది. తప్పు ఎక్కడో వెంటనే పట్టుకుంది కూడా. ఒక బొమ్మకు కాస్త ఎక్కువ, ఇంకో బొమ్మకు కాస్త తక్కువ జరుగుతోందట. సరిచేసి మీట నొక్కింది. శుభం. నేను ఫ్లాపీ తెచ్చి తీశాను. బుధవారం ఫిల్ము వచ్చింది. అదే వణుకు. ఇంకోలా సరిచేసింది. శుభం. గురువారం ఫిల్ము వచ్చింది. రవ్వంత కూడా మారలేదు.

తీసేటప్పుడు కంటికి తెలియదు. ఒక్కో బొమ్మకూ మధ్య అంత విరామం ఉంటుంది. ఫిల్ము కడిగి, వేసి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ప్రతి తప్పూ మాది ఒక్కో రోజు మింగింది.

గురువారం మేనేజర్ ఆ పిల్ల ఎదురుగానే యజమానితో అన్నాడు. "మీరు పెద్దవారు, ఇంకేం అనను. మద్రాసు టికెట్టు రాయించేశాను. రేపు పొద్దున చూస్తాను, సాయంత్రం రైలు." ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. కాఫీ తెచ్చి చేతిలో పెట్టాను.

"నాకు చేతకాదేమో అక్కా. లెక్క సరిగ్గానే ఉంది. నూరుసార్లు చూశాను."

"లెక్క సరిగ్గుంటే పేర్లు ఎందుకు వణుకుతున్నయ్ మరి?"

"అదే నాకూ తెలియట్లేదు." కాఫీ పక్కన పెట్టి గబుక్కున లేచింది. "లెక్కను నమ్మి నమ్మి అలసిపోయాను. లెక్క వదిలేద్దాం. నేనిప్పుడు ప్రోగ్రాం మొదట్లోనే ఒక గంట పెడతాను. నడవగానే మీ కంప్యూటర్ కీచుమనాలి. మీరు కింద విని చెప్పండి."

మీట నొక్కింది. శుభం. నేను కిందికి వెళ్లి నడిపించాను. చెవి దగ్గరపెట్టి విన్నాను. మెట్ల మీద నుంచి ఆ పిల్ల అరిచింది.

"మోగిందా అక్కా?"

"లేదు పిల్లా!"

"సరిగ్గా వినండి!"

"నా చెవులు మంచిగనే ఉన్నయ్! మోగలే!"

పైన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. నేను పైకి వెళ్లేసరికి ఉస్తాద్, యజమాని కూడా అక్కడికి చేరారు. ఆ పిల్ల శుభాన్ని పీకేసి, దాచిన మాటలన్నీ బయటికి వచ్చేలా చేసింది. మీట నొక్కింది. తెర మీద రెండే వరుసలు.

"ఏం అంటుందది?" అన్నాను.

ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "చేయడానికి పనేమీ లేదు అంటోందక్కా. నాలుగు రోజులుగా అదే అంటోంది. ఇది తెలివైనది కదా, తారీకులు చూసి, నేను రాసింది ముందు తయారైనదానికంటే కొత్తదైతేనే మళ్లీ తయారుచేస్తుంది. పాతదైతే చేయదు. సోమవారం తయారైనదాని మీద శ్రావణం తారీకు పడింది. నేను మార్చినవన్నీ ఆషాఢంలోవి. దాని దృష్టిలో సోమవారందే కొత్తది. మనం నాలుగు రోజులుగా అదే ప్రోగ్రాం తీసుకెళ్తున్నాం."

"అయితే మరి శ్రావణం వచ్చేదాంక ఆగమంటుందా?" అన్నాడు ఉస్తాద్.

"అవునండీ."

"పంతులు కూడా గింత నిష్ఠగ ఉండడు గదా!" అన్నాను నేను. ఉస్తాద్ తెర వైపు చూసి, "నా చేతితోని అబద్ధం రాయించిన్రు" అన్నాడు.

ఆ పిల్ల యజమాని వైపు తిరిగింది. "నేనే అండీ తిప్పింది. నాకు తట్టాల్సింది."

"తిప్పమన్నది నేను" అన్నాడాయన. "ఆ మాటలు దాచమన్నదీ నేనే. ఇప్పుడేం చేయాలో చెప్పు."

"సోమవారంది చెరిపేసి మళ్లీ మొదటి నుంచి తయారుచేయాలండీ. ఇప్పుడే."

ఆయన బల్ల మీద ఆనించిన చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ మనిషి బాధ నాకు అర్థమైంది. ముహూర్తంలో పుట్టినదాన్ని చెరిపి, నట్టనడి ఆషాఢంలో, రాహుకాలమో ఏదో కూడా చూడకుండా, అంత పెద్ద పని మళ్లీ మొదలుపెట్టడమంటే ఆయనకు గొంతులో వెలక్కాయ.

"గడియారాన్ని మళ్లీ శ్రావణానికి తిప్పితే?" అన్నాడు నెమ్మదిగా.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. "తిప్పినా తయారవుతుందండీ. కానీ వెనక్కి తెచ్చిన క్షణం నుంచి మళ్లీ ఇదే చిక్కు. రేపు ఇంకేదైనా సరిచేయాల్సి వస్తే ఏది పాతదో ఏది కొత్తదో నాకే తెలియదు."

నాకు ఊరుకోవడం చేతకాదు.

"సార్, నేను ఏ నెలల పుట్టిన్నో మా అమ్మకే యాదికి లేదు. ముహూర్తం చూసి మీ దగ్గర పనిల చేరలే. ఉస్తాద్ నాకు అక్షరం నేర్పిననాడు కూడ ఎవ్వరు పంచాంగం చూడలే. గివేవీ చెడిపోలేదు గదా. జర ఫికర్ ఇడిసిపెట్టుండ్రి."

ఆయన ఆ పిల్ల వైపు తిరిగి, "చెరిపెయ్" అన్నాడు. చెరిపేశాక మీట ఎవరు నొక్కాలో అడగలేదు. తనే వంగి నొక్కాడు.

ఈసారి తెర నిండా వరుసలు పరుగెత్తాయి. ఎర్రవి కూడా వచ్చాయి. అందరం ఒక్కో వరుసా దేవుణ్ని చూసినట్టు చూశాం. ఆ పిల్ల తలకొట్టుకుంది. "మంగళవారం రాసిందే సరైందండీ! అది నడవలేదనుకుని బుధవారం చెడగొట్టాను." మంగళవారం రాసినట్టే మళ్లీ రాసి, మళ్లీ నొక్కించింది. నేను ఫ్లాపీ పట్టుకుని కిందికి పరుగెత్తి నడిపించాను.

కీచుమంది.

జీవితంలో ఎన్నో పాటల రికార్డింగులు విన్నాను. అంత మంచి చప్పుడు వినలేదు. "మోగింది!" అని నేను అరిచిన అరుపు రోడ్డు మీద డ్రైవర్లకు కూడా వినపడిందట.

శుక్రవారం పొద్దున థియేటర్‌లో లైట్లు ఆర్పారు. నల్లటి తెర. అడుగు నుంచి ఉస్తాద్ అక్షరాలు లేచాయి. సన్నసెగ మీద పాలు పొంగుతున్నట్టు, అంత నిదానంగా, అంత నున్నగా. ఒక్క పేరు కూడా తొట్రుపడలేదు. సున్నాల గుండ్రం, కొమ్ముల వంపు, తలకట్టు చివర ఆయన కుంచె ఎత్తిన చోటు కూడా కనిపిస్తోంది. నా పక్క కుర్చీలో ఆ పిల్ల నా చేయి ఎప్పుడు పట్టుకుందో గుర్తులేదు, గోళ్ల గుర్తులు మాత్రం సాయంత్రం దాకా ఉన్నాయి. చివరి పేరు పైకి వెళ్లిపోయింది. లైట్లు వేయబోతుంటే వెనక నుంచి మేనేజర్ గొంతు.

"ఆగండి. ఇంకోసారి వెయ్యండి."

రెండోసారి వేశాం. అది అయ్యాక ఆయన లేచి, చొక్కా సర్దుకుని, "టికెట్టు రద్దు చేయిస్తాను" అన్నాడు. బయటికి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మద్రాసులో ఇంత నున్నగా రావు లెండి" అన్నాడు. అంత మాట ఆ నోటి నుంచి రావడం నాకు పద్మశ్రీ.

ఆ తర్వాత ఎన్ని సినిమాలకు చేశామో నాకు లెక్క లేదు. పై కంప్యూటర్ ముందు కూడా నేనే కూర్చునేదాన్ని. ఆ అమ్మాయి నాకు ఇంగ్లీషు అక్షరాలు మీటల మీదే నేర్పింది. తెర మీద ఎర్రటి వరుస వస్తే ఇప్పటికీ నాకు భయం వేయదు. యంత్రం నోరు తెరిచిందంటే ఇంకా మనతో మాట్లాడుతోందనే కదా. మాట్లాడనీయండి పిల్లలూ. అది తిట్టినా వినండి. తెర మీద శుభం పడితే ప్రేక్షకుడు లేచి వెళ్లొచ్చు. పనిచేసేవాళ్లకు అప్పుడే లేవడానికి లేదు.

ఒక్కటి మిగిలింది. ఇన్ని వేల పేర్లు తెర మీదికి ఎక్కించినవాళ్లం, మా పేర్లు ఏ సినిమాలోనూ ఎక్కలేదు. టైటిల్స్ తీసినవాళ్ల పేరు టైటిల్స్‌లో వేసే ఆనవాయితీ అప్పట్లో లేదు. ఇప్పుడు కూడా పేర్లు రాయను, ఒకరిద్దరికి నచ్చకపోవచ్చు. పనులు రాస్తాను, ఎవరికి వారికి తెలుస్తుంది. ఆ శుక్రవారం పొద్దున థియేటర్‌లో ఉన్నవాళ్లు వీళ్లు:

అక్షరాలు – పాతబస్తీ ఉస్తాద్.
ప్రోగ్రాం – రాజమండ్రి అమ్మాయి.
ప్రొజెక్టర్ – రెండుసార్లూ విసుక్కోకుండా వేసిన ఆపరేటర్.
వెనక కుర్చీ – ప్రొడక్షన్ మేనేజర్.
ఆషాఢంలో మీట నొక్కిన చేయి – మా యజమాని.
కెమెరా – నేను.